రెండు కార్బురేటర్లు, ఒక దీపం

ఆ కార్బురేటర్లు జంటగా వచ్చాయి. పక్క ఊరు వెలార్దెలో చనిపోయిన ఒక ముసలాయన కొట్టాం అటక మీద, ఎండుమిరప గోనెల వెనక, నూనెగుడ్డలో చుట్టి ఉండగా ఒనోఫ్రెకు దొరికాయి. యాభైల నాటివి. రెండూ ఒకే అచ్చులో పోసినవి. ఒకదాని మూత మీద చిన్న గీత పడి ఉండకపోతే ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఒనోఫ్రె వాటిని కవలపిల్లల్ని ఎత్తుకున్నట్టు చెరో చంకలో పెట్టుకుని, ఈస్టరు ముందరి పవిత్ర వారం మొదట్లో మెకానిక్ బెలార్మినో షెడ్డుకు వచ్చాడు.

"కొంపాద్రె! ఇవి చూడు. నా ట్రక్కుకి ఇవి బిగించి, శుక్రవారం నాడు చిమయో కొండెక్కాలి. ఒక్క కార్బురేటరుతో ఎక్కితే తోబియాస్ గాడు నవ్వుతాడు."

"వాడు నవ్వనిదెప్పుడు? వాళ్ళమ్మ దినానికి కూడా నవ్వాడు," అన్నాడు బెలార్మినో. ఒక కార్బురేటరును చేతిలోకి తీసుకుని, గొంతులోని రేకును బొటనవేలితో తెరిచి మూశాడు. "బాగున్నాయి. కానీ ఇక్కడి గాలి పలచన. లోపల పెట్రోలు చిమ్మే జెట్లు మార్చాలి. రెంటినీ జత కలపాలి. అది అందరికీ వచ్చే పని కాదు."

"అందుకేగా నీ దగ్గరికొచ్చాను."

షెడ్డుకీ వంటింటికీ మధ్యనున్న గుమ్మంలో నిలబడి బెలార్మినో భార్య ఓర్లిందా ఈ మాటలన్నీ విన్నది. ఒనోఫ్రె ఆమెను చూసి టోపీ తీశాడు. "కొమాద్రె, బాగున్నారా?" వాళ్ళ పెద్దమ్మాయి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు కనుక ఆయన ఈ భార్యాభర్తలను ఆ వరసలతోనే పిలుస్తాడు. రక్తం పంచుకున్న చుట్టరికాల కన్నా వాళ్ళ ఊరు ఎస్పన్యోలాలో ఆ వరసకే గౌరవం ఎక్కువ.

"బాగున్నాను. శుక్రవారానికి కావాలా బండి?" అని అడిగింది ఓర్లిందా.

"శుక్రవారానికే."

ఆమె లోపలికి వెళ్ళి, పొయ్యి మీద ఉడుకుతున్న బఠాణీల కింద మంట తగ్గించింది.

ఆమెకు ఒక మొక్కు ఉంది. చెల్లెలు దొమితిలాకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆసుపత్రివాళ్ళు ఆశ వదులుకోమన్న రోజున, చెల్లెలు లేచి కూర్చుంటే శుభ శుక్రవారం నాడు చిమయో గుడికి కాలినడకన వస్తానని, అక్కడి పవిత్రమైన మన్ను చేత్తో తీసి చెల్లెలి ఛాతీకి రాస్తానని ఓర్లిందా మొక్కుకుంది. దొమితిలా లేచి కూర్చోవడమే కాదు, ఏటా ఆ దారిన నడుస్తోంది కూడా. మొక్కుకున్న మనిషి మాత్రం ఇంతవరకూ నడవలేదు. ఎందుకంటే లోయలోని పాత బళ్ళన్నీ, ముఖాలు కడుక్కున్న పెళ్ళికొడుకుల్లా మెరుస్తూ, వరుసగట్టి ఊరేగేది ఆ శుక్రవారమే. బయలుదేరే ముందు అవన్నీ ఒక్కసారి బెలార్మినో షెడ్డు ముందు ఆగుతాయి.

బెలార్మినో చేతుల పనితనం గురించి ఎవరికీ సందేహం అక్కర్లేదు. మంగళ, బుధవారాల్లో అతను చేసిన పని ఓర్లిందా కిటికీలోంచి చూస్తూనే ఉంది. యాభయ్యొక్కటి నాటి ఆ షెవర్లే ట్రక్కును ఒనోఫ్రె తుప్పు గీకి, తలుపులు సాపు చేసి, నేరేడుపండు రంగు వేసి, దానికి కొత్త ప్రాణం పోశాడు. బెలార్మినో దాని ఒంటి కార్బురేటరును విప్పి పక్కన పెట్టాడు. రెండు నోళ్ళున్న కొత్త గొట్టాన్ని ఇంజనుకు ఆనించి, ప్యాకింగు కత్తిరించి, నట్లను మూలమూలకూ మార్చి మార్చి బిగించాడు. ముందున్నది ఇంజనులో ముందు సగానికి, వెనకున్నది వెనక సగానికి ఊపిరి పోయాలి. రెంటినీ కలుపుతూ ఒక సన్నని కడ్డీ. ఆ కడ్డీని అతను ఎన్నిసార్లు వంచి, కొలిచి, మళ్ళీ వంచాడో! ఒక పక్కన నొక్కితే రెండు రేకులూ ఒకే క్షణంలో తెరుచుకున్నాయి. అంతవరకూ అది కళ్ళతో, వేళ్ళతో చేసే పని. అంతవరకూ అది అతని పనే.

ఆ తరువాతిది చెవితో చేసే పని.

కార్బురేటరు గొంతులోకి గాలి దూరేటప్పుడు సన్నటి బుస వస్తుంది. రెండు బుసలూ సమంగా ఉంటే ఇంజను ఒక్క మనిషిలా నడుస్తుంది. లేకపోతే మిస్ కొడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు తుమ్ముతుంది. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు గొంతులో పెట్టుకుని, ఒక్కోదానికి ఉండే, గాలిని సరిచేసే స్లో స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ బుసలను జత కలపాలి. బెలార్మినో ఏళ్ళ తరబడి సానరాయి మోత పక్కన చెవికి ఏమీ అడ్డం లేకుండా నిలబడ్డాడు. మనుషుల మాటలు అతనికి వినపడతాయి, లారీ హారనూ వినపడుతుంది. ఆ సన్నటి బుస మాత్రం వినపడదు.

ఇది బెలార్మినో ఎప్పుడూ చెప్పలేదు. ఓర్లిందా ఎప్పుడూ అడగలేదు. చాలాకాలం కిందట ఒకనాడు ఆమె బానెట్టు కింద అతనికి దీపం పట్టుకుని నిలబడింది. ఇనుప జాలీలో బల్బు, పొడవాటి తీగ, పైన ఒక కొక్కెం ఉండే దీపం. అతను గొట్టం చెవిలో పెట్టుకుని తప్పు స్క్రూ తిప్పుతున్నాడు. బుస తేడా ఆమెకు మామూలు చెవికే తెలిసింది. అనుకోకుండానే ఆమె చెయ్యి దీపాన్ని రెండో కార్బురేటరు మీదికి జరిపింది. అతను తలెత్తలేదు. ఒక్క క్షణం ఆగి, వెలుతురు పడిన స్క్రూనే తిప్పాడు. అదే మొదలు. దీపం ముందుకు వస్తే ముందుది, వెనక్కి పోతే వెనకది. కిందికి వంగితే బిగించాలి, పైకి లేస్తే వదులు చేయాలి. వెలుతురు కదలకుండా నిలిచిందంటే పని అయినట్టు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ పిల్లల గురించి, అప్పుల గురించి, ఆఖరికి చావు గురించి కూడా మాట్లాడుకున్నారు. దీపం గురించి ఒక్క మాట కూడా పుట్టలేదు.

లోయంతటా పేరు బెలార్మినోది. "అతని చెవి దేవుడిచ్చిన చెవి," అని చెప్పుకుంటారు. దీపం పట్టుకునే మనిషి గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది?

బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఓర్లిందా అంది: "ఏమయ్యా, ఈ శుక్రవారం నేను దొమితిలాతో నడిచి వెళ్తాను."

"వెళ్ళు. వద్దన్నానా?" రొట్టె తుంచి ఎర్ర మిరపకారంలో ముంచాడు అతను. "ఒనోఫ్రె బండి రేపు అయిపోతే వెళ్ళు."

"అయిపోకపోతే?"

"ఎందుకవదు? నువ్వు ఉంటావుగా, దీపం పట్టుకోడానికి."

ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు.

గురువారం తెల్లవారింది మొదలు ఓర్లిందా ఆ బండి ఆ రోజే అయిపోవాలని పనిచేసింది. ఆ షెడ్డు మట్టి ఇటుకలతో కట్టినది. బండి ముక్కు లోపలి గోడకు దాదాపు ఆనుతుంది. బానెట్టు కింద వెలుతురు సరిగ్గా పడాలంటే దీపం పట్టే మనిషి మడ్గార్డుకూ గోడకూ మధ్య మూలలో ఇరుక్కుని నిలబడాలి. ఒకసారి అక్కడికి దూరితే ఒళ్ళు తిప్పుకోవడానికి చోటుండదు. బయటికి రావాలంటే బండి పక్కన నిలబడ్డ మగవాళ్ళు ఒకరి తరువాత ఒకరు జరగాలి. వీపుకు గోడ చల్లదనం, పొట్టకు ఇంజను వేడి. ఆ మూలలో ఆమె వీపు ఒరిపిడికి గోడ పూత నున్నబడిపోయింది.

దీపం ముందుకు, వెనక్కి, కొద్దిగా పైకి. మధ్యాహ్నానికి రెండు బుసలూ కలిశాయి. ఒనోఫ్రె ట్రక్కు, పొట్ట నిండిన పిల్లిలా, గురగురమంటూ నిలకడగా నడిచింది. ఓర్లిందా చేతిలోని వెలుతురు నిశ్చలంగా నిలిచింది.

"అయింది," అన్నాడు బెలార్మినో, గొట్టం చెవిలోంచి తీసి.

ఒనోఫ్రె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కొంపాద్రె, నీ చెవికి దణ్ణం పెట్టాలి. రేపు పొద్దున ఒక్కసారి చల్లటి ఇంజను మీద చూసేస్తే ఇక తిరుగుండదు."

"రేపు పొద్దున చూద్దాం," అన్నాడు బెలార్మినో.

మూలలో నుంచి ఓర్లిందా అంది: "రేపు పొద్దున నేనుండను. అయిపోయింది అన్నావు."

"పది నిమిషాల పని. ఆ తరువాత వెళ్ళు."

"పది నిమిషాలేగా, కొమాద్రె," అన్నాడు ఒనోఫ్రె కూడా. ఇద్దరూ అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ళు జరిగేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది.

శుక్రవారం ఉదయం ఆమె నడక బూట్లు వేసుకుంది, మెడలో జపమాల వేసుకుంది. ఉపవాసపు పూట తినడానికి గుడ్డు వడలు, మొలక గోధుమలతో చేసిన పనోచా అనే తీపి వంటకం గిన్నెలో సర్ది బల్ల మీద పెట్టింది. అప్పటికే షెడ్డు ముందు బళ్ళు చేరాయి. ఒనోఫ్రె ట్రక్కు లోపల ఉంది. దాని వెనక తోబియాస్ పచ్చరంగు కారు, ఆ వెనక ఇంకొకటి, రోడ్డు మీద మరొకటి.

"వదినా, మీరు లేకపోతే ఈ షెడ్డులో అంతా చీకటే!" అన్నాడు తోబియాస్ పళ్ళికిలించి. "దీన్ని చూశాక నా బండి కూడా ఒక చూపు."

ఆమె మూలలోకి దూరింది. ఇంజను రాత్రంతా చల్లబడి ఉంది, సహజంగానే జత తప్పింది. ముందుది ఎక్కువ పీలుస్తోంది. దీపం జరిపింది. అతను తిప్పాడు. ఇంజను వేడెక్కేకొద్దీ మళ్ళీ కొంచెం మారింది. మళ్ళీ జరిపింది. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. చిమయో దారిన నడిచేవాళ్ళు గుంపులు గుంపులుగా, కొందరు భుజాల మీద కర్రసిలువలు మోస్తూ, షెడ్డు ముందు నుంచే పోతున్నారు.

ఆ గుంపులోంచి దొమితిలా వచ్చి ద్వారం దగ్గర నిలబడింది. చేతిలో కర్ర, నెత్తిన గుడ్డ.

"అక్కా! శాంతా క్రూజ్ గుడి దగ్గర నీకోసం నిలబడి నిలబడి నా కాళ్ళు వేళ్ళూనాయి. వస్తున్నావా, వచ్చే ఏడా?"

"పది నిమిషాలు, మరదలా," అన్నాడు బెలార్మినో.

"నీ పది నిమిషాల్లో నా జుట్టు నెరిసింది, బావా. నువ్వు సమాధికి కూడా పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తావు."

మగవాళ్ళు నవ్వారు. తోబియాస్ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. బెలార్మినో కూడా నవ్వి, గొట్టాన్ని మళ్ళీ చెవిలో పెట్టుకుని, వెలుతురు కోసం చూశాడు. తలెత్తలేదు. అతను చూసింది భార్య ముఖం కాదు, వెలుతురు.

ఓర్లిందా దీపాన్ని బానెట్టు అంచుకు, దాని కొక్కెంతో తగిలించింది. రెండు చేతులూ ఆప్రానులో దోపుకుంది.

తెరిచిన ద్వారంలోంచి గాలి వస్తోంది. తీగ చివర దీపం మెల్లగా ఊగింది. వెలుతురు వెనక కార్బురేటరు మీదికి పోయింది. బెలార్మినో వెనక స్క్రూ తిప్పాడు. వెలుతురు ముందుకు వచ్చింది. ముందుది తిప్పాడు. గాలి కొంచెం గట్టిగా వీచింది. దీపం పైకి లేచి, కిందికి వంగి, అటూ ఇటూ ఊగులాడింది. బెలార్మినో దానితోపాటు తిప్పుతూనే ఉన్నాడు. చెవిలో గొట్టం, మొహంలో ఏకాగ్రత. ఇంజను ఒకసారి తడబడింది. మరోసారి తుమ్మింది. తరువాత కుంటివాడి నడకలా దడదడమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఎవరూ నవ్వలేదు. తోబియాస్ కూడా.

ఒనోఫ్రె మడ్గార్డు మీదికి వంగి, ఇంజను శబ్దం కింద, ఆమెకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు: "కొమాద్రె, దయచేసి దీపం పట్టుకోండి. మీరు పట్టుకుంటేనే అది కుదురుతుంది."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తరువాత తోబియాస్ ముఖంలోకి. తోబియాస్ తన బూటు కొసకేసి చూసుకున్నాడు.

"మీకెప్పటినుంచి తెలుసు?"

"అందరికీ తెలుసు వదినా," అన్నాడు తోబియాస్. "మొదట్నుంచీ. అన్న మనసు కష్టపెట్టడం ఎందుకని..."

"నా మనసు?"



ఇన్నేళ్ళూ ఒక మగవాడి పరువును తాను ఒంటరిగా మోస్తున్నానని ఓర్లిందా నమ్మింది. తాను కదిలితే అది నేల మీద పడి పగిలిపోతుందని భయపడింది. ఆ భయంతోనే మొక్కు చెల్లించలేదు, కూతురి కాన్పుకు వెళ్ళినా ఒక్క పూట మించి ఆగలేదు. తీరా చూస్తే ఆ పరువును వీళ్ళందరూ తలో చెయ్యి వేసి మోస్తున్నారు. అందరూ కలిసి మోస్తున్నదాని కింద నలిగిపోతున్నది ఒక్క మనిషే. అది కూడా వీళ్ళకు తెలుసు. తెలిసే టోపీలు తీసి పలకరించారు, తెలిసే "పది నిమిషాలేగా" అన్నారు.

"ఏమంటున్నారు?" అని అరిచాడు బెలార్మినో, ఇంజను మోతలో.

"ఏం లేదు, కొంపాద్రె! బాగుంది అంటున్నాం!"

ఓర్లిందా చెయ్యి చాచి ఇంజను వైరు ఊడబెరికింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమయింది.

"బెలార్మినో, నీకు వినపడదు. నాకు వినపడుతుంది. నేను పోతున్నాను."

అతను గొట్టాన్ని చెవిలోంచి మెల్లగా తీశాడు. దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. కాదని అంటాడేమో, కోపం తెచ్చుకుంటాడేమో, అంతమంది ముందు ఎందుకన్నావని అడుగుతాడేమో అని ఆమె నిలబడింది. అతను అడిగింది ఒక్కటే.

"మరి దీపం ఎవరు పట్టుకుంటారు?"

"కొక్కెం ఉందిగా," అంది ఓర్లిందా. "జరగండి."

ఒనోఫ్రె జరిగాడు. తోబియాస్ జరిగాడు. ఆమె గోడకు రాసుకుంటూ బయటికి వచ్చింది.

చిమయో దారి ఎర్రటి గుట్టల మధ్య నుంచి ఎక్కుతుంది. అక్కాచెల్లెళ్ళు గుంపులో కలిసి నడిచారు.  దారి పక్కన ఎవరో బల్ల వేసి నీళ్ళు, నారింజపండ్లు పంచుతున్నారు. ఓర్లిందా ఒక పండు తీసుకుని, ఒలిచి, సగం చెల్లెలికిచ్చింది. పూస తరువాత పూసగా జపం మొదలుపెట్టింది. జపమాలలోని మూడో దేవరహస్యపు పూసల దాకా వచ్చేసరికి వెనక నుంచి బళ్ళు వచ్చాయి.

ఒకదాని వెనక ఒకటి, నడిచేవాళ్ళతో సమానంగా, నింపాదిగా ఎక్కుతున్నాయి. ఓర్లిందా తల తిప్పలేదు. తిప్పవలసిన అవసరమూ లేదు. పచ్చకారు తోబియాస్‌ది, దాని పొగగొట్టంలో చిల్లు ఉంది. దాని వెనక, కుంటుతూ, ఎత్తు మొదలైన చోట తుమ్ముతూ వస్తున్నది ఒనోఫ్రె ట్రక్కు. వెనక కార్బురేటరుకు ఊపిరి చాలడం లేదు. ఎంత చాలడం లేదో కూడా ఆమెకు తెలుసు. పూసను పట్టుకున్న బొటనవేలూ చూపుడువేలూ కలిసి, తమంతట తామే, కొద్దిగా ఎడమకు తిరిగాయి.

"ఏమిటక్కా, జపం తప్పావా?"

"లేదు."

వాళ్ళను దాటి ముందుకు పోయిన ట్రక్కు, మలుపు దాటాక రోడ్డు పక్కన ఆగి ఉంది. బానెట్టు ఎత్తి ఉంది, ఇంజను తుమ్ముతూనే నడుస్తోంది. మగవాళ్ళు చుట్టూ మూగి ఉన్నారు. బెలార్మినో స్క్రూడ్రైవరు పట్టుకుని, ఇంజను లోపలికి చూస్తూ నిలబడ్డాడు. ఏది తిప్పాలో ఎండ అతనికి చెప్పడం లేదు. గుడికి వెళ్ళాలంటే ఓర్లిందా ఆ బండిని దాటుకుంటూనే పోవాలి. వేరే దారి లేదు.

ఒనోఫ్రె టోపీ తీసి ఎదురొచ్చాడు. "కొమాద్రె. ఒక్క నిమిషం."

ఆమె ఆగలేదు. నడుస్తూనే, గొంతు తగ్గించకుండా, ఆ గుంపంతా తిరిగి చూసేటట్టు అంది: "వెనకది. పావు చుట్టు వదులు చెయ్యి. కడ్డీ ముట్టుకోవద్దు."

ఆ మాట ఆమె జీవితంలో మొదటిసారి నోటితో చెప్పింది. బెలార్మినో విన్నాడు. మాటలు అతనికి వినపడతాయి. వంగి, వెనక స్క్రూ పావు చుట్టు వదులు చేశాడు.

ఇంజను ఒకసారి తడబడి, సర్దుకుని, రెండు ముక్కులతో ఒకే ఊపిరి తీయడం మొదలుపెట్టింది. బుసలో ఎక్కడా తేడా లేదు. ఎంత వెతికినా లేదు. అలా వెతుకుతూ తాను రోడ్డు మధ్యలో కదలకుండా నిలబడిపోయానని, జనం తన పక్కనుంచి పాయలుగా చీలి పోతున్నారని, దొమితిలా ముందుకు వెళ్ళిపోయి వెనక్కి తిరిగి తన కోసం చూస్తోందని ఓర్లిందాకు అప్పుడు తెలిసింది.

ఆమె అడుగు ముందుకు వేసింది. వెనక ఒనోఫ్రె ఎవరి భుజాన్నో సంతోషంగా చరిచిన చప్పుడయింది.

"కొంపాద్రె, నీ చెయ్యి బంగారమయ్యా!"

అది కూడా ఆమెకు స్పష్టంగానే వినపడింది.